పరమాణువు జమాఖర్చు

  ఈ సాయంకాలము నేను పరమాణువును గూర్చి మాటాడదలచితిని. పరమాణువనగానే, ఇది కళాశాలలలో చదువుకొన్నవారి విషయము, మనకేల యని కొందరనుకొందురేమో. అట్లనుకొనవలదు. కూడికయు తీసివేతయు వచ్చినవారి కెల్ల ఈ విషయము వచ్చును. దస్తావేజులోని లెక్కను చూచి తప్పు పట్టగల పెద్దమనిషికి ఇది గడియలో బోధపడును.

ఈ లెక్క మీకెందులకు కావలెనో ముందుగా చెప్పెదను. రాగిని బంగారము చేసెదమని ఊరూర తిరుగువారు పూర్వమునుండియు కలరు. ఇప్పుడు వారి వేషము మారినది. కాషాయము పోయి చేతిలో పెట్టె వచ్చినది. మంత్రములు పోయి నోట శాస్త్రపు మాటలు వచ్చినవి. ఇటీవలి సంవత్సరములలో ఆంధ్రప్రదేశమునందును, తెలంగాణమునందును రైస్ పుల్లింగ్ అను పేర నొక మోసము నడచుచున్నది. పాత రాగిచెంబు నొకదానిని చూపి, దానిపై పిడుగు పడినదనియు, అందుచే దానిలోని రాగి ఇరిడియమను అరుదైన లోహముగా మారినదనియు, అది బియ్యపు గింజలను తనవైపు లాగుకొనుననియు, విదేశీయులు దానిని కోట్లిచ్చి కొందురనియు నమ్మింతురు. తరువాత పరీక్షల ఖర్చులని, అనుమతుల ఖర్చులని లక్షలు వసూలు చేయుదురు. పోలీసులు కేసులు పెట్టుచునే యున్నారు. మోసపోవువారు మోసపోవుచునే యున్నారు.

పొలమమ్మి డబ్బు కట్టబోవువాడు ఒక్కొక్కప్పుడు ముందురోజు రాత్రి మీవంటి పెద్దవారి యింటి అరుగు మీదికి వచ్చును. "తాతా, ఇందులో నిజముందా?" అని యడుగును. అప్పుడు మీరు "ఏమో నాయనా, ఈ కాలపు శాస్త్రము మాకేమి తెలియును" అన్నచో ఆ పొలము పోయినట్లే. రెండు అంకెలు చెప్పి కాగితము మీద తీసివేత చేసి చూపినచో ఆ పొలము నిలుచును. ఆ రెండు అంకెలను మీకు అప్పగించుటకే నేడు నేను వచ్చితిని.

పరమాణువను మాట మనకు క్రొత్తది కాదు. పదార్థమును విభజించుచు పోగా ఇక విభజింపరానిది మిగులునని, అదియే పరమాణువని వైశేషికులు చెప్పిరి. అది తర్కమువలన వచ్చిన మాట. నేటి శాస్త్రజ్ఞులు తూచియు, కొలిచియు చెప్పిన పరమాణువు వేరు. అది విభజింపరానిది కాదు. దానిలో మూడు విధములైన కణములు కలవు: ప్రోటాను, న్యూట్రాను, ఎలక్ట్రాను. ఈ మూడు పేర్లు జ్ఞాపకముంచుకొనుడు. నేటి ప్రసంగమున ఇంతకు మించిన కష్టము లేదు.

వీనిలో ముందుగా బయటపడినది ఎలక్ట్రాను. 1897లో ఇంగ్లండునందు తామ్సను అను శాస్త్రజ్ఞుడు దానిని కనుగొనెను. 1911లో రూథర్‌ఫర్డు పరమాణువునకు నడుమ మిక్కిలి చిన్నదైన కేంద్రకము కలదని, బరువంతయు అందే యున్నదని తెలిపెను. ఆ కేంద్రకములోని ప్రోటానును 1919 ప్రాంతమున ఆయనయే గుర్తించెను. న్యూట్రాను మాత్రము చాలకాలము దాగియుండి, 1932లో చాడ్విక్కునకు దొరకెను.

ప్రోటానులు, న్యూట్రానులు కేంద్రకములో నుండును. ఎలక్ట్రానులు దానికి దూరముగా, దాని చుట్టును ఉండును. ఎంత దూరమందురో? బంగారపు పరమాణువును ఒక పెద్ద కళ్ళమంత చేసి చూపగలిగినచో, కేంద్రకము ఆ కళ్ళము నడుమనున్న ఆవగింజయంత యుండును. అయినను పరమాణువు బరువంతయు ఆ ఆవగింజలోనిదే.

ఇప్పుడు ధనము, ఋణము అను మాటలు చూడుడు. ఆస్తికి ధనమనియు అప్పునకు ఋణమనియు మన వాడుక. విద్యుత్తునకును మనవారు ఆ పేర్లే పెట్టిరి. ప్రోటానునకు ఒక్క పాలు ధన విద్యుత్తు, ఎలక్ట్రానునకు ఒక్క పాలు ఋణ విద్యుత్తు. న్యూట్రానునకు ధనమును లేదు, ఋణమును లేదు. బరువు మాత్రము కలదు. పరమాణువు సహజస్థితిలో నున్నప్పుడు ధనమెంతయో ఋణమంతయే; నిలువ సున్న. అనగా ప్రోటానులెన్నియో ఎలక్ట్రానులన్నియే.

బరువు సంగతి చెప్పెదను. ప్రోటానును న్యూట్రానును దాదాపు సమానమైన తూకము కలవి. ఎలక్ట్రాను ప్రోటానులో 1836వ వంతు మాత్రమే. ధాన్యపు బస్తాను కాటా మీద పెట్టినప్పుడు దానిపై వాలిన ఈగ బరువు నెవరు లెక్కింతురు? కావున పరమాణువు తూకము లెక్కించునప్పుడు ఎలక్ట్రానులను విడిచివేసి, ప్రోటానులను న్యూట్రానులను మాత్రమే కూడుదురు.

ఇక మొదటి అంకె. ఒక పరమాణువులో ప్రోటానులెన్ని కలవో ఆ అంకెను పరమాణు సంఖ్య యందురు. ఇదియే ఆ ద్రవ్యమునకు పేరు పెట్టు అంకె. 26 ప్రోటానులున్నచో అది ఇనుము, 29 ఉన్నచో రాగి, 47 వెండి, 79 బంగారము, 80 పాదరసము. 28 ప్రోటానులు కల రాగి లేదు. 78 ప్రోటానులు కల బంగారము లేదు. ఒక్కటి తగ్గినను పేరు మారిపోవును. నేటివరకు తెలిసిన 118 మూలకములకును ఒకటి మొదలు 118 వరకు ఈ వరుస సంఖ్యలు కలవు. నడుమ ఖాళీ లేదు.

ఈ సంఖ్య ఊహచే పెట్టినది కాదని 1913లో మోస్లీ అను యువకుడు నిరూపించెను. లోహముల నుండి వెలువడు ఎక్సు కిరణములను పరీక్షించి, మూలకమునుండి మూలకమునకు ఒక్కొక్క మెట్టు చొప్పున ఆ కిరణములు మారుట ఆయన కనిపెట్టెను. ఆ మెట్టే పరమాణు సంఖ్య. రెండేండ్లకే, 1915లో, గల్లిపోలీ యుద్ధమున ఆయన మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 27 సంవత్సరములు. ఒక్క పదార్థమును చూచి "నీవెవడవు?" అని యడిగి నిజము చెప్పించు విద్యను ఆ చిన్నవాడు మనకు విడిచి పోయెను.

రెండవ అంకె ద్రవ్యరాశి సంఖ్య. ప్రోటానులను న్యూట్రానులను కూడగా వచ్చు మొత్తమిది. దీనిని తూకపు సంఖ్య యని తలచుకొన్నను సరిపోవును. మొత్తమును, అందులో నొక భాగమును తెలిసినచో రెండవ భాగము తీసివేతచే తెలియును గదా. ద్రవ్యరాశి సంఖ్యలోనుండి పరమాణు సంఖ్యను తీసివేసినచో న్యూట్రానుల లెక్క వచ్చును. నేర్వవలసిన సూత్రమంతయు ఇంతే.

మీ వంటయింటి అల్యూమినియము గిన్నెతో ప్రారంభింతము. దాని పరమాణు సంఖ్య 13, ద్రవ్యరాశి సంఖ్య 27. 27లో 13 పోగా 14. కావున 13 ప్రోటానులు, 13 ఎలక్ట్రానులు, 14 న్యూట్రానులు. నాగటి కర్రులోని ఇనుము సంఖ్య 26. దాని పరమాణువులలో ఎక్కువభాగమునకు ద్రవ్యరాశి సంఖ్య 56. న్యూట్రానులు 30. మంగళసూత్రములోని బంగారము 79. ద్రవ్యరాశి సంఖ్య 197. న్యూట్రానులు 118. కాగితము అవసరములేకయే మీలో చాలమంది ఈ లెక్క చేసియుందురు.

ఇచ్చట నొక జాగ్రత్త చెప్పవలెను. మీ మనుమల పుస్తకములలోని పట్టికను చూచినచో క్లోరిను కెదురుగా 35.5 అనియు, రాగి కెదురుగా 63.5 అనియు అచ్చువేసి యుండును. దానినుండి తీసివేసినచో అర న్యూట్రాను వచ్చును. అర న్యూట్రాను ఎక్కడను లేదు. ఆ అంకె ద్రవ్యరాశి సంఖ్య కాదు, సగటు తూకము. ఏలయన ఒకే మూలకపు పరమాణువు లన్నియు ఒకే తూకము కలవి కావు. ప్రోటానులు సమానముగ నుండి, న్యూట్రానులలో హెచ్చుతగ్గులు కలవి కొన్ని కలవు. అట్టివానిని ఐసోటోపులందురు. ఈ భావమును 1913లో సాడీ ప్రతిపాదించెను. అన్నదమ్ములకు ఇంటిపేరొకటే యైనను ఒడ్డు పొడుగులు వేరైనట్లని తలచుడు.

క్లోరిను పరమాణువులు నాలుగు తీసికొన్నచో సుమారు మూడింటి ద్రవ్యరాశి సంఖ్య 35, ఒకదానిది 37. మూడు ముప్పదియైదులు 105. దానికి 37 కలుపగా 142. నాలుగింట భాగింపగా 35.5. పట్టికలోని అంకె వచ్చినది. క్లోరిను సంఖ్య 17 గాన మొదటివానిలో 18 న్యూట్రానులు, రెండవదానిలో 20. అట్లే రాగిలో నూటికి సుమారు 69 పరమాణువుల సంఖ్య 63, తక్కినవానిది 65. 29 తీసివేయగా న్యూట్రానులు 34, 36. తూకము వేరైనను రెండును రాగియే. పేరు నిలుపునది ప్రోటానులే యని మరువకుడు.

ఇప్పుడు ఎలక్ట్రానుల యొద్దకు వచ్చెదము. ఇవి వెలుపల నుండునవి గాన, ఇచ్చిపుచ్చుకొనుట కివియే లోబడును. మన ఉప్పులో సోడియము, క్లోరిను కలవు. సోడియము సంఖ్య 11. అది తన 11 ఎలక్ట్రానులలో ఒకటి క్లోరినునకిచ్చి పదింటితో నుండును. క్లోరిను 17 ఉండవలసినచోట 18 కలిగియుండును. ఋణమొకటి తగ్గినది గాన సోడియమున ఒక పాలు ధనము మిగిలినది. క్లోరినున ఒక పాలు ఋణము మిగిలినది. ఆ ధనఋణముల ఆకర్షణయే ఉప్పుబిళ్లను పట్టియుంచునది. కాని సోడియములో ప్రోటానులు మునుపటివలె 11, న్యూట్రానులు మునుపటివలె 12. కేంద్రకమును ఎవరును ముట్టలేదు.

మండుట, ఉడుకుట, త్రుప్పుపట్టుట, ఆమ్లములో కరగుట, ఇవన్నియు ఈ ఎలక్ట్రానుల బేరములే. కంసాలి కొలిమిలోని నిప్పు గాని, పుటము గాని, మూలికల రసము గాని ఎలక్ట్రానులను దాటి లోపలికి పోజాలదు. ఈ ఒక్కమాట తెలిసినవానికి రసవాదుల విద్యలన్నియు తెలిసినట్లే.

ఉదాహరణముగా, ఇనుమును రాగి చేసెదనని ఒకడు వచ్చుననుకొనుడు. నీలపు నీళ్లలో ఇనుపమేకును ముంచును. కొంతసేపటికి తీసి చూపగా మేకు ఎఱ్ఱగా నుండును. చూచినవారు ఆశ్చర్యపడుదురు. ఆ నీళ్లు మరేమియు కావు. తోటలలో తెగుళ్లకు సున్నముతో కలిపి చల్లు మైలుతుత్తము కలిపిన నీళ్లు. మైలుతుత్తములో ముందే రాగి కలదు. అది రెండు ఎలక్ట్రానులు కోల్పోయిన రాగి: ప్రోటానులు 29, ఎలక్ట్రానులు 27. ఇనుము తన ఎలక్ట్రానులు రెండు దానికిచ్చి తాను నీటిలో కరగును. ఎలక్ట్రానులు తిరిగి పొందిన రాగి మేకు మీద పేరుకొనును. 26 సంఖ్య గల ఇనుము ఒక్క రవ్వయు 29 కాలేదు. ఉన్న రాగియే బయటికి వచ్చినది. అట్లే రాగిని తుత్తునాగముతో కలిపి కాచి పసుపువన్నె తెచ్చి బంగారమందురు. అది ఇత్తడి. అందులో 29లును 30లును కలవు, 79 ఎక్కడను లేదు.

అట్లయిన కేంద్రకమును మార్చుట ఎన్నటికిని సాధ్యము కాదా? సాధ్యమే, కాని దానికిని లెక్క కలదు. 1919లో రూథర్‌ఫర్డు ప్రకటించిన ప్రయోగమును చెప్పెదను. ఆయన నత్రజనిపై హీలియపు కేంద్రకములను ప్రయోగించెను. నత్రజనికి ప్రోటానులు 7, ద్రవ్యరాశి సంఖ్య 14. హీలియమునకు 2, 4. జమ వైపు ప్రోటానులు 9, మొత్తపు సంఖ్య 18. వెలుపలికి ఒక ప్రోటాను వచ్చెను. దాని లెక్క 1, 1. అది పోగా మిగిలినదానికి ప్రోటానులు 8, ద్రవ్యరాశి సంఖ్య 17. ఎనిమిది ప్రాణవాయువు సంఖ్య. నత్రజని ప్రాణవాయు వయ్యెను. 1925లో బ్లాకెట్టు ఈ మార్పును ఛాయాచిత్రములలో పట్టి చూపెను. ఇరుప్రక్కల లెక్క సరిపోయినది చూచితిరా? కేంద్రకము మారినప్పుడును జమలో లేనిది ఖర్చులోనికి రాదు.

బంగారము సంగతి యింకను వినదగినది. 1941లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున వేగముగల న్యూట్రానులను పాదరసముపై ప్రయోగించి నిజముగనే బంగారమును పుట్టించిరి. పాదరసములో 198 ద్రవ్యరాశి సంఖ్య గల పరమాణువులు కొన్ని కలవు: ప్రోటానులు 80, న్యూట్రానులు 118. ఒక న్యూట్రాను లోపలికి పోయి ఒక ప్రోటాను బయటికి వచ్చినచో ప్రోటానులు 79, న్యూట్రానులు 119, మొత్తము 198. సంఖ్య 79 గాన అది బంగారమే, సందేహము లేదు. కాని మనకు తెలిసిన బంగారము 197. అందులో 118 న్యూట్రానులు. ఇందులో ఒకటి హెచ్చుగా నున్నది. ఆ హెచ్చు దానిని నిలువనీయదు. న్యూట్రాను ఒకటి ప్రోటానుగా మారి, ఎలక్ట్రాను నొకదానిని వెలుపలికి చిమ్మును. అప్పుడు ప్రోటానులు 80, న్యూట్రానులు 118. ఇది మరల పాదరసమే!

ఈ బంగారము సుమారు రెండు దినముల పదునేడు గంటలకు సగము పాదరసమగును; మరల అంతకాలమునకు మిగిలినదానిలో సగము. ఇరువది యేడు దినములు గడచునప్పటికి వేయింట ఒక వంతుకూడ మిగులదు. పైగా ఆ మార్పు జరుగుచున్నంతసేపు దేహమునకు హాని చేయు కిరణములు వెలువడుచుండును. ఆ నాటి ప్రయోగమున పుట్టిన బంగారమంతయు ఇట్టి నిలువని జాతిదే. గొప్ప యంత్రములుండి, విద్వాంసులుండి చేసిన బంగారపు గతి ఇది. కొలిమిగల వాని మాట చెప్పనేల?

ఇప్పుడు ఆ రాగిచెంబును తెచ్చి మీ అరుగుమీద పెట్టుడు. దానిలోని రాగి ఇరిడియ మయ్యెనని కదా వాని మాట. ఇరిడియము నిజముగ నున్న లోహమే. దాని సంఖ్య 77, ద్రవ్యరాశి సంఖ్యలు 191, 193. ఇందులో చిన్నదానినే తీసికొందము. 191లో 77 పోగా న్యూట్రానులు 114. రాగిది 63 అనుకొందము: ప్రోటానులు 29, న్యూట్రానులు 34. ఇరిడియము కావలెనన్నచో ఒక్కొక్క రాగి పరమాణువునకు 48 ప్రోటానులు, 80 న్యూట్రానులు, వెరసి 128 కణములు క్రొత్తగా చేరవలెను. ఇవి ఎచ్చటినుండి వచ్చినవి? ఏ ఖాతానుండి జమ పడినవి? అవి చేరినచో పరమాణువు తూకము మూడింతలకు హెచ్చవలెను గదా; శేరు బరువుగల చెంబు మూడు శేర్లు తూగవలెను గదా. తక్కెడ తెమ్మనుడు. పిడుగు వచ్చి పోయినదనుట సమాధానము కాదు. 128 కణముల పద్దు చూపవలెను.

మరి బియ్యపు గింజలు కదలుట ఏమి? ఇరిడియమునకు బియ్యమును లాగు గుణమేదియు లేదు. గింజలలో ఇనుపరజను దాచి, చెంబు అడుగున అయస్కాంత ముంచినచో ఏ చెంబైనను లాగును. మీ యింటి డబ్బాలోని బియ్యమును మీ చేతితో తెచ్చి ముందు పెట్టి చూడుడు. వాని పెట్టెలోని గింజలు పనికిరావు.

పెద్దలారా, శాస్త్రపు మాట చెప్పిన ప్రతివాడు మోసగాడు కాడు. ఆసుపత్రులలో కేంద్రకముల మార్పును ఆధారము చేసికొని రోగములు కుదుర్చువారు కలరు. మన ఉప్పులో కలుపు అయోడిను సంఖ్య 53, ద్రవ్యరాశి సంఖ్య 127. కంఠమునందలి థైరాయిడు గ్రంథి రోగముల కిచ్చు అయోడిను కూడ 53యే, కాని 131. న్యూట్రానులు మొదటిదానిలో 74, రెండవదానిలో 78. ఆ నాలుగింటి భేదముచేతనే మొదటిది ఆహారము, రెండవది వైద్యులు కొలిచి యిచ్చి, రోగిని కొన్నిదినములు పిల్లలకు, గర్భవతులకు దూరముగా నుండుమని చెప్పు మందు. ఒకే పేరు గదా యని ఆ మాటను త్రోసివేయరాదు. కావున పేరు విని భయపడుటయు వలదు, పేరు విని నమ్ముటయు వలదు. అంకె అడుగుడు.

ఎవడైనను అపూర్వమైన లోహమును తెచ్చినచో మూడు ప్రశ్నలు వేయుడు. దీని పరమాణు సంఖ్య యెంత? దీని ద్రవ్యరాశి సంఖ్య యెంత? మారినదందువేని, హెచ్చిన కణములు ఎచ్చట నుండి వచ్చినవి, తగ్గిన కణములు ఎచ్చటికి పోయినవి? మీ ఊరి పాఠశాలలో సైన్సు చెప్పు ఉపాధ్యాయుని పిలిచి కూర్చుండబెట్టుకొనుడు. గోడకు తగిలించు మూలకముల పట్టిక పాఠశాలలో దొరకును. మోసగాడు రెండవ ప్రశ్నకే చెంబు సంచిలో పెట్టుకొనును.

సెలవు తీసికొనుటకు ముందు మీకొక చిన్న లెక్క నిచ్చెదను. వెండి సంఖ్య 47. దాని పరమాణువులు రెండు విధములు: ఒకదాని ద్రవ్యరాశి సంఖ్య 107, రెండవదానిది 109. ఒక్కొక్కదానిలో న్యూట్రానులెన్ని? ఈ రాత్రి భోజనమైన తరువాత మీ మనుమని గాని మనుమరాలిని గాని పిలిచి అడుగుడు. వారు చెప్పలేకపోయినచో మీరు చెప్పుడు.